ఎక్కువారు, ఎక్కించబడునవి

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు: మామ్మ, నాన్న, అమ్మ, మా మేనత్త పైడితల్లి, నేను, గుడ్లు పొదుగుతున్న కోడి ఒకటి, తీర విహార ప్రోత్సాహక మండలి నుంచి వచ్చిన సహాయ సంచాలకులు పాత్రుడు గారు, అదే మండలి భాషాధికారి సోమయాజులు గారు, వాళ్ళ ఫొటోగ్రాఫరు, ఒక శాలువా. శాలువాని కూడా ఎందుకు లెక్కలో వేశానంటే, అది వాళ్ళతో వచ్చి వాళ్ళతోనే వెళ్ళిపోయింది.

మా అత్త మా ఊరి హైస్కూల్లో తెలుగు టీచరు. మూడేళ్ళ వయసులో పోలియో వచ్చి రెండు కాళ్ళూ పోయాయి. అప్పటి సంగతి నాకు తెలీదు. నాకు తెలిసిన అత్తకి ఎప్పుడూ చక్రాల కుర్చీ ఉంది. మా అరుగుకి మూడు మెట్లుంటే, నాన్న వాటి మీద తాటి పలక ఒకటి వాలుగా వేశాడు. వెయ్యడానికి అరగంట పట్టిందట. పన్నెండేళ్ళయింది, ఇంకా అలాగే ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి. తరవాత ఇదే పని చెయ్యడానికి ఒక మండలికి ఎంతకాలం పడుతుందో తెలుస్తుంది.

వాళ్ళు వచ్చింది బహుమతి ఇవ్వడానికి. ఆ ఏడాదిని మండలివారు ‘సాగరం అందరిదీ’ సంవత్సరంగా ప్రకటించి, కాళ్ళు లేనివాళ్ళని, కళ్ళు లేనివాళ్ళని కూడా ఓడ విహారానికి తీసుకెళ్తామని నినాదాల పోటీ పెట్టారు. అత్త ఒక కార్డు ముక్క మీద ‘సాగరానికి మెట్లు లేవు’ అని రాసి పంపింది. మొదటి బహుమతి వచ్చింది. విశాఖ నుంచి బయల్దేరే పెద్ద ఓడలో మూడు రోజుల విహారం, గెలిచినవారికీ, వెంట ఒక సహాయకురాలికీ. సహాయకురాలిని నేను.

అత్తకి ఓడ మీద మోజు లేదు. సముద్రం మీద ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఏడో తరగతికి సముద్రం పర్యాయపదాలు చెప్తోంది. సాగరం, కడలి, వారిధి, అర్ణవం, పారావారం. పారావారం దగ్గర ఆగుతుంది. పారం అంటే ఆవలి గట్టు, అవారం అంటే ఈవలి గట్టు, రెండు గట్లకీ మధ్య ఉన్నది పారావారం అని చెప్తుంది. తను మాత్రం ఎప్పుడు చూసినా బీచి రోడ్డు గోడ మీంచే చూసింది. ఇసకలో చక్రాలు దిగిపోతాయి. ‘ఈ గట్టూ ఆ గట్టూ రెండూ కనపడని చోట ఒక్క పూట కూర్చుంటే చాలు, ఆ ఒక్క మాటైనా చూసి చెప్పినదాన్నవుతాను’ అంది బహుమతి ఉత్తరం వచ్చిన రోజు. అంతకుమించి తను ఏమీ అడగలేదు.

పాత్రుడు గారు లేచి ఉపన్యసించారు. ఈ కుగ్రామంలో ఇంతటి ప్రతిభ దాగి ఉండటం మండలి దృష్టికి రావడాన్ని మండలి తన అదృష్టంగా భావిస్తున్నదని మండలి తరఫున చెప్పారు. వినడానికి ఏడుగురం ఉన్నాం, కోడితో కలిపి. తరవాత అత్తకి శాలువా కప్పారు. ఫొటో తీశారు. అప్పుడే చేగోడీలు వేయిస్తూ లేచొచ్చిన మామ్మ, ఎంత మెత్తగా ఉందోనని ఆ శాలువాని నూనె చేత్తో తడిమి చూసింది. ఫొటో అయిపోగానే ఫొటోగ్రాఫరు దాన్ని మడతపెట్టి సంచీలో పెట్టుకున్నాడు. సాయంత్రం ఇంకో ఊళ్ళో ఇంకొకరికి కప్పాలట.

ఇక దరఖాస్తు పూర్తి చెయ్యడం మిగిలింది. పాత్రుడు గారు చదువుతూంటే నేను రాస్తున్నాను. నాకు కొత్తవాళ్ళ ముందు మాట రాదు, రాత వస్తుంది. ఏడో గడి దగ్గర ఆయన అడిగారు: ‘ఓడను స్వయముగా ఎక్కగలరా?’

అత్త ఓడకి ఉన్నది మెట్లా, వాలు పలకా అని అడిగింది. మెట్లేనని, ఇరవై ఐదని, అన్నీ కొత్త స్టీలువని పాత్రుడు గారు గర్వంగా చెప్పారు.

‘అయితే నన్ను ఎక్కించాలండి’ అంది అత్త.

ఆ మాటకి, అప్పటిదాకా చేగోడీలతో ఉన్న సోమయాజులు గారు తలెత్తారు. సంచీలోంచి లావుపాటి పుస్తకం తీశారు. కిందటేడు మండలివారికి తెలుగు మీద ప్రేమ పుట్టి, నియమాలన్నీ అచ్చ తెలుగులోనే ఉండాలని తీర్మానించారట. నాలుగు వందల పేజీల నియమావళిని సోమయాజులు గారు ఒక్కరే ఆరు నెలల్లో తెలుగు చేశారట. మూలంలో రెండు పేజీలున్న నిర్వచనాలని రెండు వాక్యాల్లోకి కుదించానని చెప్పి, ఆ రెండూ చదివి వినిపించారు:

‘ఓడను ఎక్కువారు ప్రయాణికులు. ఓడపైకి ఎక్కించబడునవి సరుకు.’

చదివాక, కవిత్వం చదివినవాళ్ళు ఆగినట్టు కాసేపు ఆగారు.

అత్త క్లాసులో చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. ‘ఎక్కించడం ప్రేరణ క్రియ కదండీ. పిల్లకి అన్నం తినిపిస్తే తిన్నది పిల్లే గానీ తినిపించినవాళ్ళు కాదు గదా. నన్ను ఎవరు ఎక్కించినా ఎక్కినది నేనే.’

‘భోజన నియమాలు తొమ్మిదో అధ్యాయంలో ఉన్నాయండి. మనం ఒకటో అధ్యాయంలో ఉన్నాం’ అన్నారు సోమయాజులు గారు.

నాన్నకి వ్యాకరణం తెలీదు. అరుగు మీద పలక చూపించి, అలాంటిదే పొడుగుది ఒకటి ఆ మెట్ల మీద వేసేస్తే సరిపోద్ది గదండీ, కావలిస్తే నేనే ఆటోలో కట్టి తెస్తాను అన్నాడు. పాత్రుడు గారు పలకని దగ్గరికెళ్ళి చూశారు. మెచ్చుకున్నారు కూడా. పలక అనునది నిర్మాణమని, నిర్మాణానికి టెండరు, టెండరుకి అంచనా, అంచనాకి కమిటీ, కమిటీకి సభ్యులు కావాలని, ప్రయాణం చూస్తే వచ్చే నెలేనని విచారించారు.

మామ్మకి చెవులు సరిగ్గా వినపడవు. ఏటంటున్నారర్రా అని అమ్మని అడిగి, విని, ‘ఎక్కువోరు ఓడెక్కుతారు, తక్కువోరు సరుకైపోతారు. ఇందులో కొత్తేటుంది?’ అని మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

పాత్రుడు గారు అత్తని ఓదార్చారు. సరుకు అనేది కేవలం పారిభాషిక పదమట. పైగా మండలి ప్రయాణికులకంటే సరుకునే జాగ్రత్తగా చూసుకుంటుందట, ఎందుకంటే ప్రయాణికులకి ఏమైనా అయితే విచారణ మాత్రమే, సరుకుకి ఏమైనా అయితే పరిహారం ఇవ్వాలి. ఏడో గడిలో ‘ఎక్కలేరు’ అని రాయించి, కాఫీ తాగి, శాలువాతో సహా వెళ్ళిపోయారు.

వారం తిరగకుండా సరుకు పత్రం వచ్చింది. అత్త చెప్పింది, నేను గుండ్రంగా రాశాను. సరుకు ఎత్తు అన్నచోట, కూర్చుంటే నాలుగడుగులు, నిలబెడితే నిలబడదు. ఒకదానిపై ఒకటి పేర్చవచ్చునా అన్నచోట, ఒకసారి ప్రయత్నించి చూడవలెను. తయారైన తేదీ అన్నచోట అత్త పుట్టినరోజు. ఎప్పటిలోగా వాడవలెను అన్నచోట, ‘మాకు తెలియదు, మండలివారికి తెలిసినచో తెలుపగలరు’. వాటిలో దేనికీ వాళ్ళు అభ్యంతరం చెప్పలేదు. ఒక్క ఎత్తు దగ్గర మాత్రం అడుగులు కాదు, సెంటీమీటర్లు రాయమన్నారు.

బరువు మాత్రం కాటా చీటీ ఉంటేనే చెల్లుతుందట. నాన్న అత్తని బెల్లం మార్కెట్టుకి తీసుకెళ్ళాడు. కాటా మీంచి బెల్లం దిమ్మలు దించి అత్తని కుర్చీతో ఎక్కించారు. కాటా మనిషి చీటీ రాసిచ్చి, అలవాటు కొద్దీ కుర్చీ వెనక సుద్దముక్కతో 68 అని వేశాడు. చెరపబోతే అత్త వద్దంది. ‘ఉండనీ, దారిలో ఎవరైనా కొనుక్కుంటారేమో’ అంది.

మళ్ళీ ఉత్తరం. ‘సదరు సరుకు శ్వాసించుచున్నట్లు మండలి దృష్టికి వచ్చినది. కావున దానిని ప్రాణమున్న సరుకుగా పరిగణించి, పశువైద్యాధికారి ధ్రువపత్రము జతపరచవలెను.’ మా మండలం పశువుల డాక్టరు త్రినాథ అత్త దగ్గర చదువుకున్నవాడే. ఇంటికొచ్చి, అత్త మొహం చూడలేక, గుమ్మంలోనే నిలబడి ఉత్తరం రెండుసార్లు చదివాడు. వద్దు టీచరు గారూ, నేను రాయలేను అన్నాడు. రాయకపోతే సముద్రం చూడనివ్వరురా, రాయి అంది అత్త. రాశాడు. గాలికుంటు లేదు, గొంతువాపు లేదు, కొమ్ములు లేవు, శాస ఆడుచున్నది. అత్త కాయితం అందుకుని చదివి, ‘శ్వాసకి వ వొత్తు ఏదిరా, ఆ మాత్రం కూడా నేర్పలేదా నేను’ అని దిద్దించింది. అప్పుడు మాత్రం అతను కళ్ళు తుడుచుకున్నాడు.

చివరికి నా టిక్కెట్టు కూడా వచ్చింది. దాని మీద ‘సహాయకురాలు. ప్రయాణికురాలితో కలిసి మాత్రమే చెల్లును’ అని ఉంది. ఆ వాక్యాన్ని నేను చదివాను, అందంగా ఉందనుకున్నాను గానీ, దాని గురించి ఆలోచించలేదు.

బయల్దేరిన రోజు నాన్న నిజంగానే పలక కట్టించుకుని వచ్చాడు. మా అరుగు పలక కాదు, ఇరవై ఐదు మెట్లకి సరిపడా మూడు ముక్కలు కలిపి చేయించిన కొత్త పలక. రేవు గేటు దగ్గర, టిక్కెట్టు లేని మనుషుల్నీ టెండరు లేని పలకల్నీ లోపలికి పోనివ్వం అని ఇద్దర్నీ బయటే ఆపేశారు. నాన్న పలకకి ఆనుకుని నిలబడి చెయ్యూపాడు. నేను కుర్చీ తోసుకుంటూ లోపలికెళ్ళాను.

ఓడ మా ఊరంత ఉంది. మా ఊరిని నిలబెట్టినంత. దాని ముందు మెట్లు, కొత్త స్టీలువి. మెట్టుకొక అక్షరం చొప్పున ఎర్ర రంగుతో అత్త నినాదం రాయించారు. కింద నుంచి చదువుకుంటూ పోతే సాగరానికి మెట్లు లేవు, సాగరానికి మెట్లు లేవు అని రెండుసార్లు పూర్తిగా వచ్చింది. మూడోసారికి మెట్లు చాల్లేదు. పై మెట్టు దగ్గర ‘సాగరానికి మెట్లు’ అని ఆగిపోయింది.

‘ఇప్పుడు సరిగ్గా రాశారు’ అంది అత్త.

అప్పుడే పాత్రుడు గారినీ, సోమయాజులు గారినీ, ఫొటోగ్రాఫరునీ వెంటబెట్టుకుని మండలి గౌరవాధ్యక్షులు వచ్చారు. ఆయనకి మోకాళ్ళ నొప్పులట. శాలువా కప్పి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురు మనుషులు నాలుగు కోళ్ళూ పట్టుకుని, ఆయన్ని మెట్ల మీదుగా మోసుకెళ్ళడం మొదలుపెట్టారు. బ్యాండు వాయిస్తున్నారు. అత్త సోమయాజులు గారి వైపు తిరిగి, ఆయన్ని ఏం చేస్తున్నారండీ అని అడిగింది.

సోమయాజులు గారు చూశారు. ఆయన చెడ్డమనిషి కాదు, పుస్తకానికి కట్టుబడ్డ మనిషి. ‘ఎక్కిస్తున్నారు’ అన్నారు, నిజాయితీగా.

బ్యాండు ఆగింది. గౌరవాధ్యక్షులు పదకొండో మెట్టు మీద గాల్లో ఉన్నారు. మోసేవాళ్ళు అటూ ఇటూ కదల్లేదు. పాత్రుడు గారు అక్కడికక్కడే సవరణ చెప్పి రాయించారు: ‘శాలువా కప్పబడి ఎక్కించబడువారు ఎక్కినట్లే భావించబడుదురు.’ సోమయాజులు గారు ఊపిరి పీల్చుకున్నారు. బ్యాండు మళ్ళీ మొదలైంది.

అలాగైతే నాకూ శాలువా కప్పారు కదండీ అంది అత్త. ఫొటోగ్రాఫరు, పాపం, వెంటనే ఫోన్లో ఆ రోజు తీసిన ఫొటో చూపించాడు. పాత్రుడు గారు ఫొటో పరిశీలించి, ఫొటోలో శాలువా ఉన్నమాట వాస్తవమేనని, కానీ ప్రస్తుతం సరుకు మీద శాలువా లేదని, మండలి వర్తమానాన్ని మాత్రమే పరిగణిస్తుందని చెప్పారు. శాలువా ఎక్కడుందో నాకు తెలుసు. గౌరవాధ్యక్షుల ఎడమ భుజం మీద మామ్మ అయిదు వేళ్ళ నూనె మరక పైకి వెళ్ళిపోతూ కనిపించింది. చెబుదామనుకున్నాను. నోరు పెగల్లేదు.

ఇంతలో వెనక వరసలో గొడవ. చంటిపిల్లల్ని ఎత్తుకొచ్చిన తల్లుల్ని గుమాస్తా ఆపి, పిల్లల్ని ఎక్కిస్తున్నారు కాబట్టి సరుకేనని కాళ్ళకి చీటీలు కట్టబోయాడు. ఒకావిడ గుమాస్తా చెయ్యి కొరికింది. సోమయాజులు గారు పరిగెత్తి పుస్తకం తిరగేసి, తీర్పు చెప్పారు: పిల్లలు తల్లి చంకనెక్కారు, ఎక్కడం స్వయంగా ముందే జరిగిపోయింది, కనుక వాళ్ళు ప్రయాణికులే. అందరూ చప్పట్లు కొట్టారు.

‘నేను కుర్చీ ఎక్కాను కదండీ మరి’ అంది అత్త.

‘కుర్చీ ఎక్కడం పదవికి సంబంధించిన విషయమమ్మా. అది సాధారణ పరిపాలన వారిది’ అన్నారు ఆయన, నిజంగా బాధపడుతూ.

అత్త ఇంక వాదించలేదు. ఇరవై ఐదు మెట్లనీ ఒకసారి కింద నుంచి పైదాకా చూసింది. తరవాత కుర్చీని తనే తిప్పుకుని, ఓడ పక్కకి పోయింది. అక్కడ నీటికి కాస్త ఎత్తున వెడల్పాటి ఇనుప తలుపు తెరిచి ఉంది. రేవు గట్టు మీంచి ఆ తలుపులోకి ఇనుప పలక ఒకటి వాలుగా వేసి ఉంది. నాన్న వేసినదానికి అక్కే, కాకపోతే ఇనుముది. దాని మీంచి వంకాయల బుట్టలు, ఉల్లిపాయ బస్తాలు, ఐసులో చేపలు, చక్రాల బళ్ళ మీద గడగడా దొర్లుకుంటూ లోపలికి పోతున్నాయి. వాటిని ఎవరూ ఏ గడీ నింపమని అడగడం లేదు.

బండి తోస్తున్నాయన్ని అత్త ఆపి అడిగింది. ‘ఈ వంకాయలు ఎక్కడికెళ్తాయి నాయినా?’

‘పైకేనమ్మా. తొమ్మిదో అంతస్తు, వంటగదికి. లిఫ్టుంది.’

‘అక్కడ కిటికీ ఉందా?’

‘ఏటి కిటికీ? చుట్టూ అద్దాలే. ఓ గంట పోయాక ఎటు చూసినా నీళ్ళు తప్ప ఏటీ అగుపడదు. మాకు విసుగొచ్చేస్తాది.’

అత్త మొహం అప్పుడు ఎలా అయిందో నాకు రాయడం రాదు. సోమయాజులు గారిని పిలిచి, తనని ప్రాణమున్న సరుకులోంచి తీసి వంటగది సరుకులో రాయమని, వీలైతే వంకాయలతో కలిపి రాయమని అడిగింది. ఆయన ఎంత సంతోషపడ్డారంటే, కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళకి నియమావళి ఒకరికి ఉపయోగపడిందన్నారు. కుర్చీ వెనక బరువు ముందే వేసి ఉండటం చూసి మరీ మెచ్చుకున్నారు. 68 పక్కన ముద్ర కొట్టి, అత్త చేతికి ఒక చీటీ కట్టారు: పై అంతస్తు, చల్లగా ఉంచవలెను.

‘ఒలే హైమా, రా’ అని, జారిపోకుండా కళ్ళజోడు తీసి నా సంచీలో పడేసి, అత్త పలక మీదికి ఎక్కేసింది. తనంతట తనే, రెండు చేతుల్తో చక్రాలు తిప్పుకుంటూ. సోమయాజులు గారు అది చూడకుండా పక్కకి తిరిగారు. చూస్తే ఎక్కినట్టవుతుంది.

నేను సంచీతో వెనకాలే వెళ్ళాను. తలుపు దగ్గర సోమయాజులు గారు చెయ్యి అడ్డం పెట్టి టిక్కెట్టు చూపించమన్నారు. చదివారు. ప్రయాణికురాలితో కలిసి మాత్రమే చెల్లును. ప్రయాణికురాలు ఎక్కడమ్మా అని అడిగారు. నేను లోపలికి చూపించాను. అక్కడ వంకాయలు, ఉల్లిపాయలు, మా అత్త ఉన్నారు. అది సరుకు కదమ్మా అన్నారాయన, ఓపిగ్గా. సరుకుకి సహాయకులు ఉండరట. ప్రయాణికురాలే లేదు కనుక నా టిక్కెట్టు పుట్టనే లేదట.

అత్త దూరపు చూపు కళ్ళజోడు నా సంచీలో ఉంది. అది లేకపోతే తనకి ఎదర గోడ ఉన్నా సముద్రం ఉన్నా ఒకటే. లిఫ్టు తలుపు తెరుచుకుంది. అత్త వెనక్కి తిరిగి చూసి, లోపల్నుంచే కేకేసింది. ‘నోరు తెరిచి అడగవే. రాయడానికి ఇక్కడ పలకా బలపం లేవు.’

కళ్ళజోడు బయటికి తీసి చేత్తో పట్టుకున్నాను. పొద్దుట్నుంచి నేను అన్న మొదటి మాట అదే.

‘నేను కూడా సరుకేనండి.’

సోమయాజులు గారు నా వైపు చూశారు. నా కాళ్ళ వైపు చూశారు. పుస్తకం తియ్యాల్సిన అవసరం కూడా రాలేదు.

‘సరుకు నడిచి రాదమ్మా’ అన్నారు. తరవాత నా చేతిలోకి చూసి, ‘ఇది సరుకే’ అని కళ్ళజోడు తీసుకుని, దానికి ఒక చీటీ అంటించి, లోపలికెళ్ళి తలుపు వేసేశారు.